ఆమ్‌స్టర్‌డామ్ పాత వర్తకుల ఇళ్లను చూసి అర్థం చేసుకోవడం ఎలా?

ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లిన మనవాళ్లు చాలామంది కాలువలో పడవెక్కి గంటసేపు తిరిగి, ఒకదాన్ని ఆనుకుని ఒకటిగా నిలబడ్డ సన్నని ఇళ్లను ఫొటోలు తీసుకుని వచ్చేస్తారు. ఆ ఇళ్లు అంత సన్నగా ఎందుకున్నాయో, నెత్తిన దూలం ఎందుకుందో, ముందుకు ఎందుకు వాలాయో తెలియకుండానే ప్రయాణం ముగిసిపోతుంది. నిజానికి 17వ శతాబ్దపు ఆమ్‌స్టర్‌డామ్‌లో సరుకే ఇంటిని నిర్ణయించింది. సరుకు పడవలో వచ్చి, తాడు మీద పైకి లేచి, అటకలో నిల్వ ఉండి, మళ్లీ పడవెక్కి పోయేది. మనుషులు ఆ దారికి కింద, పక్కన సర్దుకుని బతికేవారు. ఈ ఒక్క సంగతిని మనసులో పెట్టుకుని ఒక రోజంతా నడిస్తే ఆ నగరం మీకు పూర్తిగా వేరేగా కనబడుతుంది. ఆ నడక ఎలా సాగాలో కింద వరసగా చెబుతున్నాను.

మొదట: ఏ కాలంలో, ఏ గట్టున నిలబడాలి

కాలువల వెంట ఎల్మ్ చెట్లు దట్టంగా ఉంటాయి. ఆకులు నిండుగా ఉండే వేసవిలో ఇళ్ల పైభాగాలు సగం కనబడవు. ఈ ఇళ్ల విషయంలో చూడవలసిందంతా పైభాగంలోనే ఉంటుంది కాబట్టి, వీలైతే మార్చి నెలలోనో, ఆకు రాలిన తరవాత నవంబరులోనో వెళ్లండి. చిన్న బైనాక్యులర్ ఒకటి దగ్గర ఉంచుకోండి. ఇంటిని దాని ముందు నిలబడి చూడకండి. కాలువ దాటి ఎదుటి గట్టు మీద నిలబడితేనే ఇల్లు మొత్తం ఒక్క చూపులో పడుతుంది.

వెలుతురు సంగతి కూడా ముందే ఆలోచించుకోవాలి. 1613లో మొదలుపెట్టిన నగర విస్తరణలో తవ్విన మూడు పెద్ద కాలువలు, అంటే హేరెన్‌గ్రాఖ్ట్, కైజర్స్‌గ్రాఖ్ట్, ప్రిన్సెన్‌గ్రాఖ్ట్, పాత ఊరిని పడమటి నుంచి చుట్టుకుంటూ దక్షిణానికి తిరుగుతాయి. ఇంటి నంబర్లు ఉత్తరాన బ్రౌవర్స్‌గ్రాఖ్ట్ దగ్గర మొదలై ఆమ్‌స్టెల్ నది వైపు పెరుగుతూ పోతాయి. బేసి నంబర్లు పాత ఊరి వైపు గట్టున, సరి నంబర్లు బయటి గట్టున ఉంటాయి. కాబట్టి పడమటి భాగంలో సరి నంబరు ఇళ్లు తూర్పు ముఖంగా ఉండి ఉదయం వెలుగుతాయి. బేసి నంబరు ఇళ్ల మీద మధ్యాహ్నం తరవాత ఎండ పడుతుంది. ఈ లెక్క తెలిస్తే ఏ ఇంటికి ఏ పూట వెళ్లాలో మీరే నిర్ణయించుకోవచ్చు. ఒక జాగ్రత్త చెప్పాలి: తల పైకెత్తి నడిచేటప్పుడు ఎర్రటి రోడ్డు పట్టీ మీదికి వెళ్లకండి. అది సైకిళ్ల దారి, అక్కడ ఎవరూ వేగం తగ్గించరు.

రెండోది: నేల నుంచి మొదలుపెట్టండి

కంటికి కనబడని భాగాన్ని ముందు అర్థం చేసుకోవాలి. ఈ ఊరు బురద నేల మీద ఉంది. గట్టి ఇసుక పొర సుమారు 12 మీటర్ల లోతున తగులుతుంది. పైన్ మాను గుంజలను ఆ పొర అందేదాకా దిగగొట్టి, వాటి తలల మీద పునాది వేసి, దాని మీద ఇల్లు లేపారు. నీటిమట్టం కింద మునిగి ఉన్నంతకాలం కలపకు గాలి తగలదు, కుళ్లదు. నీరు తగ్గి గాలి సోకితే కుళ్లు మొదలవుతుంది. పక్కకి ఒరిగిన ఇళ్లు, వంకరపోయిన కిటికీ గట్లు కనబడ్డప్పుడు, ఆ ఇంటి కింద కొన్ని గుంజలు కుంగాయని అనుకోవచ్చు.

డామ్ కూడలిలో ఉన్న రాజభవనం దగ్గర ఈ సంగతి బాగా మనసుకెక్కుతుంది. నగర సభా భవనంగా 1648లో మొదలుపెట్టిన ఆ కట్టడం కింద 13,659 గుంజలున్నాయి. సంవత్సరంలోని 365 రోజులకు ముందు ఒకటి, వెనక తొమ్మిది చేర్చి అక్కడి పిల్లలు ఈ సంఖ్యను గుర్తుపెట్టుకుంటారు.

మెత్తని నేల వల్లే ముఖభాగంలో కిటికీలు అంత పెద్దవిగా ఉన్నాయి. గోడ ఎంత తక్కువ ఉంటే బరువు అంత తక్కువ; పైగా సన్నగా, లోతుగా ఉన్న ఇంటి లోపలికి వెలుతురు ముందు నుంచీ వెనక నుంచీ మాత్రమే రావాలి.

మూడోది: కలప నుంచి ఇటుకకు

పాత ఇళ్లు చుట్టూ ఉన్న బెఖైన్‌హోఫ్ అనే ఆవరణలోకి వెళ్లి 34వ నంబరు ఇంటిని చూడండి. సుమారు 1528 నాటి ఆ ఇంటి ముఖభాగం నల్లటి కలప పలకలతో ఉంటుంది. ఒకప్పుడు ఊరంతా ఇలాగే ఉండేది. 1421లోనూ 1452లోనూ వచ్చిన పెద్ద అగ్నిప్రమాదాలు ఊరిని దహించిన తరవాత పక్కగోడలు కలపతో కట్టకూడదని నియమం పెట్టారు. క్రమంగా ముఖభాగాలు కూడా ఇటుకలోకి మారాయి. కలప ముఖంతో మిగిలిన రెండో ఇల్లు జేడైక్ వీధిలో 1వ నంబరుది. అక్కడ ఒక్కో అంతస్తూ కింది దానికంటే కాస్త ముందుకు పొడుచుకువచ్చి ఉంటుంది. ఆ అమరికను గుర్తుపెట్టుకోండి, కొద్దిసేపట్లో అవసరపడుతుంది. బెఖైన్‌హోఫ్‌లో ఇప్పటికీ జనం కాపురముంటున్నారు. గొంతు తగ్గించి, గుమ్మాల దాకా వెళ్లకుండా చూసి రావాలి.

నాలుగోది: వెడల్పు, గుమ్మం, మెట్లు

ఇప్పుడు హేరెన్‌గ్రాఖ్ట్ గట్టుకు రండి. విస్తరణలో నగరపాలకులు స్థలాలను కొలిచి అమ్మారు. ఈ కాలువ మీద మామూలు స్థలం వెడల్పు సుమారు 30 అడుగులు. అప్పటి ఆమ్‌స్టర్‌డామ్ అడుగు 28.3 సెంటీమీటర్లు కాబట్టి అది దాదాపు ఎనిమిదిన్నర మీటర్లు. కాలువ గట్టున జాగా అందరికీ కావాలి, ఎందుకంటే పడవ ఆగేది అక్కడే. అందుకే ముందు సన్నగా, వెనక పొడవుగా స్థలాలు ఏర్పడ్డాయి. ఆ పొడవులో ముందిల్లు, మధ్యలో వెలుతురు కోసం చిన్న ఖాళీ, ఆ వెనక వెనకిల్లు, చివర తోట ఉంటాయి. ప్రిన్సెన్‌గ్రాఖ్ట్ 263లో అన్నే ఫ్రాంక్ కుటుంబం 1942 నుంచి 1944 వరకు తలదాచుకున్నది 1635లో కట్టిన ఇంటి వెనకింట్లోనే. వీధి నుంచి చూసేవారికి అలాంటి వెనకిల్లు ఉందని తెలియకపోవడం ఈ కట్టుబడి స్వభావం.

వెడల్పు చూశాక గుమ్మం చూడండి. వీధి మట్టం నుంచి కొన్ని రాతి మెట్లు ఎక్కితే ప్రధాన ద్వారం వస్తుంది. ఆ మెట్ల కింద మరో చిన్న తలుపు ఉంటుంది. అది సగం నేలలో, సగం పైన ఉన్న కింది గదుల్లోకి, అంటే వంటగదిలోకి, నౌకర్ల గదుల్లోకి దారి. నీటిమట్టం దగ్గరగా ఉండడం వల్ల లోతైన నేలమాళిగ సాధ్యం కాదు, అందుకే ఇల్లే కొంచెం పైకి లేచింది. యజమానికి పై తలుపు, పనివాళ్లకు కింది తలుపు. చాలా ఇళ్ల ముందు ఈ తేడా ఇప్పటికీ అలాగే కనిపిస్తుంది.

అయిదోది: నెత్తిన దూలం

ఇంటి కొనలో ముందుకు పొడుచుకువచ్చిన దూలాన్ని, దాని చివర ఉన్న కొక్కేన్ని వెతకండి. పడవ నుంచి దిగిన మూటలను కప్పీకి వేసిన తాడుతో ఆ దూలం మీదుగా అటకలోకి లాగేవారు. అటక తలుపు కిటికీలా కాకుండా నేలదాకా ఉంటుంది, ఎందుకంటే మూట లోపలికి జరగాలి. మెట్లు నిచ్చెనలంత నిటారుగా, ఇరుకుగా ఉండే ఈ ఇళ్లలోకి నేటికీ మంచాలు, సోఫాలు కిటికీల్లోంచే వెళతాయి. మీ అదృష్టం బాగుంటే ఎవరో ఇల్లు మారుతుండగా కొక్కేనికి తాడు వేసిన దృశ్యం కనబడుతుంది. అలాంటప్పుడు కాసేపు ఆగి చూడండి. 400 ఏళ్ల నాటి పద్ధతి మీ కళ్లముందే పని చేస్తూ ఉంటుంది.

దూలం చూశాక ఇంటి పక్క అంచున నిలబడి ముఖభాగాన్ని గీతలా చూడండి. అది ముందుకు వాలి ఉంటుంది. ఇది కుంగడం వల్ల వచ్చిన వంపు కాదు, కావాలని కట్టినది. పైకి పోయే మూట గోడకూ కిటికీలకూ తగలకుండా ఉండడం, వాననీరు గోడ మీద కాకుండా వీధిలో పడడం దీని వల్ల కలిగే లాభాలు. అంతస్తులు ముందుకు పొడుచుకొచ్చే కలప ఇళ్లను ఇందాక చూశారు కదా, ఆ అలవాటే ఇటుక గోడలో ఈ వాలుగా కొనసాగిందని చెబుతారు. పక్కకి ఒరిగితే నేల తప్పు. ముందుకు వాలితే మేస్త్రీ ఉద్దేశం. ఈ తేడా పట్టుకుంటే చాలు, గైడు అవసరం సగం తగ్గుతుంది.

ఆరోది: గేబుల్‌ను బట్టి కాలం అంచనా వేయడం

వాలు కప్పు చివరను మూస్తూ వీధి వైపు పైకి లేచే గోడను గేబుల్ అంటారు. ఆమ్‌స్టర్‌డామ్ ఇళ్ల వయసు చెప్పేది ప్రధానంగా ఇదే. అన్నిటికంటే సాదా రకం తలకిందులు చేసిన గరాటాలా ఉంటుంది. ఇది గిడ్డంగులకు ఎక్కువగా వాడారు. రెండు వైపులా మెట్లు మెట్లుగా ఎక్కేది మెట్ల గేబుల్, ఇది 17వ శతాబ్దపు మొదటి సగంలో విరివిగా కట్టారు. మధ్యలో నిలువుగా మెడలాంటి భాగం లేచి, భుజాల మీద చెక్కిన రాళ్లు పెట్టినది మెడ గేబుల్. ఆ అంచులే మెత్తగా వంపు తిరిగితే గంట గేబుల్; 17వ శతాబ్దపు చివరి భాగం నుంచి 18వ శతాబ్దమంతా ఇది నడిచింది. చివరగా, కప్పును పూర్తిగా దాచేసే కార్నిస్, అంటే గోడ కొనన అడ్డంగా సాగే అంచు పట్టీ, ఫ్రెంచ్ అభిరుచితో వచ్చి నిలిచిపోయింది.

వీటిలో రెండు రకాలను ఒకే చోట పోల్చుకోవడానికి ఉదయం పూట హేరెన్‌గ్రాఖ్ట్ 168, 170–172 నంబర్ల ఎదుట నిలబడండి. నా దృష్టిలో ఊరు మొత్తంలో ఇంతకంటే మంచి పాఠం లేదు. కుడి ఎడమల్లో ఉన్న ఆ రెండు కట్టడాల మధ్య ఇరవై ఏళ్ల తేడా ఉంది. 170–172 బార్తొలొత్తి ఇల్లు, 1617 ప్రాంతంలో కట్టినది, హెండ్రిక్ డె కైజర్ రూపకల్పనగా చెబుతారు. ఎర్ర ఇటుక మీద తెల్లని ఇసుకరాతి పట్టీలు, నగిషీలు, పైన మెట్లు మెట్లుగా ఎక్కే గేబుల్. ఎక్కడా ఖాళీ వదలకుండా నింపిన అలంకరణ. ఆ చోట కాలువ వంపు తిరుగుతుంది కాబట్టి గోడ కూడా దానితో పాటు కొద్దిగా వంగింది. బైనాక్యులర్‌తో కిటికీల వరసను అనుసరిస్తే ఆ వంపు స్పష్టంగా తెలుస్తుంది. యజమాని విల్లెమ్ వాన్ డెన్ హ్యూవెల్ ఇటాలియన్ బంధువు ఆస్తితో పాటు ఇంటిపేరు కూడా తీసుకుని బార్తొలొత్తి అయ్యాడు. పక్కనున్న 168ని ఫిలిప్స్ వింగ్‌బూన్స్ అనే వాస్తుశిల్పి 1638లో కట్టాడు. ఊళ్లో మొదటి మెడ గేబుల్ ఇదే. ముఖమంతా లేత రంగు ఇసుకరాయి. అలంకరణ తగ్గి కొలతలే అందంగా నిలిచాయి. పక్కపక్కనున్న ఈ రెండు ఇళ్లనూ పది నిమిషాలు చూస్తే, ఒక తరంలో వర్తకుల అభిరుచి ఎంత మారిందో ఎవరూ చెప్పనక్కరలేదు.

గేబుల్‌ను బట్టి కట్టిన సంవత్సరం అంచనా వేసేటప్పుడు తొందరపడకండి. పాత ఇంటికి కొత్త ముఖం తగిలించడం అక్కడ సర్వసాధారణం. కార్నిస్ వెనక నిటారైన పాత కప్పు తొంగిచూస్తుంటే ఇల్లు ముఖం కంటే పాతదని గ్రహించాలి. మెట్ల గేబుళ్లలో కొన్ని తరవాతి శతాబ్దాల పునరుద్ధరణలో మళ్లీ కట్టినవి. సందేహం వస్తే నగర పురాలేఖ భాండాగారం ఆన్‌లైన్ చిత్రాల్లో వెతకండి. 1768–1771 మధ్య కాస్పర్ ఫిలిప్స్ హేరెన్‌గ్రాఖ్ట్, కైజర్స్‌గ్రాఖ్ట్ ఇళ్ల ముఖాలను వరసగా చిత్రించాడు. నేటి ఇంటిని ఆ చిత్రంతో పోలిస్తే ఏది పోయిందో, ఏది మిగిలిందో తేలిపోతుంది.

ఏడోది: గోడలో పొదిగిన రాళ్లు

ఫ్రెంచ్ ఆధిపత్యం వచ్చేదాకా ఇళ్లకు నంబర్లు లేవు. అందుకని తలుపు పైన చెక్కిన, రంగులు వేసిన రాతి పలకను గోడలో పొదిగేవారు. ఓడ, చేప, రంపం, పంచదార దిమ్మ, ఇలా యజమాని వృత్తినో పేరునో అది చెప్పేది. యోర్దాన్ పేటలో, బెఖైన్‌హోఫ్ లోపలి గోడ మీద ఇవి చాలా ఉన్నాయి. ఇక్కడ ఎక్కువ సమయం పెట్టనక్కరలేదు. నడుస్తూ గమనిస్తే చాలు.

ఎనిమిదోది: డబ్బు ఎక్కడ నుంచి వచ్చిందో అడగండి

మధ్యాహ్నం తరవాత క్లోవేనియర్స్‌బుర్గ్‌వాల్ కాలువకు వెళ్లి 29వ నంబరు ఎదుట నిలబడండి. ఇది ట్రిప్ సోదరుల భవనం. వాస్తుశిల్పి యుస్టుస్ వింగ్‌బూన్స్ 1660–1662లో వాళ్ల కోసం కట్టాడు. లూయి, హెండ్రిక్ ట్రిప్ ఆయుధాల వ్యాపారులు. ఎనిమిది ఎత్తైన అర్ధస్తంభాలతో ఒకే రాజభవనంలా కనిపించే ఆ ముఖం వెనక నిజానికి రెండు ఇళ్లున్నాయి. మధ్య కిటికీల వెనక రెండు ఇళ్లను విడదీసే గోడ ఉంది, అందుకే అవి వట్టి కిటికీలు. ఇప్పుడు కప్పు మీదికి చూడండి: పొగ గొట్టాలను ఫిరంగి ఆకారంలో మలిచారు. తమ సంపద ఎక్కడ నుంచి వచ్చిందో ఆ అన్నదమ్ములు దాచలేదు. ఎదుటి గట్టున 26వ నంబరు ఇల్లు సుమారు రెండున్నర మీటర్ల వెడల్పే. ట్రిప్‌ల బండి తోలేవాడి కోసం కట్టించారనే కథ వినిపిస్తుంది గానీ దానికి ఆధారం లేదు.

సంపద గురించి నేరుగా మాట్లాడుకోవాలి. ఈ నగరం చక్కెర వ్యాపారంలో, బానిసల రవాణాలో, బానిసల చెమటతో నడిచిన దక్షిణ అమెరికాలోని సూరినామ్ తోటల్లో భాగస్వామి. 2021 జులై 1న నగర మేయర్ ఆ పాత్రకు అధికారికంగా క్షమాపణ చెప్పారు. డామ్ రాజభవనం వెనక వైపు, అంటే పడమటి ముఖాన, పైన ఉన్న శిల్పాన్ని చూడండి. ప్రపంచ ఖండాలు తమ తమ సరుకులతో ఆమ్‌స్టర్‌డామ్ నగరకన్య ముందుకు వస్తున్నట్టు ఆర్టుస్ క్వెల్లినుస్ చెక్కాడు. లోపలి పెద్ద హాలు పాలరాతి నేలలో రెండు భూగోళార్ధాల పటాలు, ఒక నక్షత్ర పటం పొదిగి ఉన్నాయి. జనం ప్రపంచపటం మీద నడిచేలా ఆ హాలును ఏర్పాటు చేశారు.

తొమ్మిదోది: మన తీరం పేరు వినిపించే ఆవరణ

ట్రిప్ భవనం నుంచి రెండు నిమిషాల నడక. ఔడె హోఖ్‌స్ట్రాట్ 24లో ద్వారం దాటితే ఎర్ర ఇటుక గోడల మధ్య ఒక ఆవరణ వస్తుంది. 1602లో ఏర్పడిన డచ్ ఈస్టిండియా కంపెనీ కేంద్ర కార్యాలయం ఇది. 1606లో దీని నిర్మాణం మొదలైంది. ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయానిది కాబట్టి పనిదినాల్లో ఆవరణ దాకా వెళ్లి చూడవచ్చు. బయటకు వచ్చేటప్పుడు పక్కనే 22వ నంబరు ఇల్లు గమనించండి, వెడల్పు రెండు మీటర్ల పైచిలుకే.

తెలుగువాళ్లకు ఈ ఆవరణలో ప్రత్యేకమైన పని ఉంది. కంపెనీ మచిలీపట్నంలో స్థావరం ఏర్పరచుకున్నది 1605లో, అంటే ఈ భవనం కంటే ముందే. పాలకొల్లు, ద్రాక్షారామం, భీమునిపట్నం వంటి చోట్ల కూడా వాళ్లకు స్థావరాలుండేవి. మన నేతగాళ్ల బట్టలను, అద్దకపు గుడ్డలను తూర్పు దీవులకు, అంటే నేటి ఇండోనేషియాకు తీసుకెళ్లి వాటితో మసాలాలు కొనేవారు. కొంత బట్ట నేరుగా ఐరోపాకు చేరేది. ఏ రకం బట్ట ఎంత కావాలో ప్రతి ఏడాదీ నిర్ణయించి ఉత్తరం పంపే 17 మంది సభ్యుల సభ ఎక్కువగా ఈ భవనంలోనే సమావేశమయ్యేది. గోదావరి ఒడ్డున మగ్గం మీద ఏ పోగు ఎక్కాలో ఈ గదిలో తేలేదన్న ఆలోచనతో ఆ కిటికీల వంక చూడండి. వీలైతే ఆమ్‌స్టర్‌డామ్‌లోనే ఉన్న రైక్స్ మ్యూజియంలో కోరమాండల్ తీరపు, అంటే మన తూర్పు తీరపు, అద్దకపు గుడ్డలను అదే ప్రయాణంలో చూడండి. ఇండియాకు వచ్చినప్పుడు మచిలీపట్నం, భీమునిపట్నం డచ్ సమాధుల దగ్గరకు వెళ్లండి. ఆ రాళ్ల మీద చెక్కిన వంశచిహ్నాలు ఆమ్‌స్టర్‌డామ్ గుమ్మాల మీద చూసిన శిల్పాలకు బంధువులని వెంటనే గుర్తుపడతారు.

చివరిది: ఒక్క ఇల్లయినా లోపల చూడండి

బయటి నుంచి ఎంత చూసినా ఇల్లు సగమే తెలుస్తుంది. రెండిళ్లు సూచిస్తాను. కైజర్స్‌గ్రాఖ్ట్ 672లోని వాన్ లూన్ మ్యూజియం 1672 నాటిది. ముందు గదుల నుంచి కింది వంటగదికి, అక్కడ నుంచి తోటకు, తోట చివర బండ్లశాలకు వరసగా వెళ్లవచ్చు కాబట్టి స్థలం లోతు ఎంతో కాళ్లకే తెలుస్తుంది. జూన్‌లో కొన్ని రోజులు మరికొన్ని ఇళ్ల తోటలు కూడా తెరుస్తారు. టికెట్లు ముందే కొనుక్కోవాలి.

రెండోది ఔడెజైడ్స్ ఫోర్‌బుర్గ్‌వాల్ 38లో ఇప్పుడు మ్యూజియంగా ఉన్న అటక చర్చి. 1578లో నగర పాలన ప్రొటెస్టెంట్ల చేతికి వచ్చిన తరవాత కాథలిక్కులు బహిరంగంగా ప్రార్థించే వీలు లేకపోవడంతో, యాన్ హార్ట్‌మన్ అనే వర్తకుడు 1661లో కొన్న ఇంటి పై అంతస్తులను, వెనకున్న రెండిళ్ల అటకలతో కలిపి చర్చిగా మార్చాడు. 1663 నాటికి అది సిద్ధమైంది. మూటల కోసం కట్టే అటకల్లో రెండు వరసల బాల్కనీలు, బలిపీఠం ఇమిడిపోయాయి. వీధి నుంచి చూస్తే మిగతా ఇళ్లలో ఇదీ ఒక ఇల్లు. మెట్లు చాలా నిటారుగా, ఇరుకుగా ఉంటాయి. భుజాన పెద్ద సంచీ లేకుండా, పట్టు ఉన్న చెప్పులతో వెళ్లండి, దిగేటప్పుడు మెట్ల పక్కన పట్టుకోవడానికి ఉన్న ఆధారాన్ని వదలకండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే పైఅంతస్తులకు ఎక్కే ఇతర దారి ఉందేమో లోపలికి వెళ్లేముందే సిబ్బందిని అడగండి.